ఏటవాలు లాన్, జీరో టర్న్ మోజు

ఐర్లండులో అత్లోన్ ఊరి బయట ఇల్లు కొన్నప్పుడు నేను వంటగది చూశాను, మా ఆయన బాయిలరు చూశాడు, మా అమ్మాయి వైఫై చూసింది. ఇంటి వెనకున్న పచ్చికను మాత్రం ఎవరమూ సరిగా చూడలేదు. అంటే కళ్ళతో చూశాం గాని, గోడకు తగిలించిన బొమ్మలాగా అది కూడా ఊరికే అలా పడి ఉంటుందనుకున్నాం. అది పెరుగుతుందన్న సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. గుంటూరులో మూడో అంతస్తులో పెరిగిన నాకు గడ్డి అంటే గేదె తినేది. ఇక్కడ అర ఎకరం గడ్డి ఉంది, గేదె లేదు.

వసంతం రాగానే గడ్డి లేచింది. దాంతోపాటే కరోనా కూడా వచ్చింది. మా ఆయన ఆసుపత్రిలో నర్సు. నేను ఒక మందుల కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. నన్ను ఇంట్లోంచి కదలొద్దన్నారు, ఆయన్ని ఇంటికే రావద్దన్నట్టు షిఫ్టులు వేశారు. ఆయన వచ్చి, స్నానం చేసి, టీ కప్పు పట్టుకుని సోఫాలో కూర్చుంటే, కప్పు చేతిలో ఉండగానే గురక మొదలయ్యేది. అటువంటి మనిషిని లేపి గడ్డి కొయ్యమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఈ శనివారం నుంచి లాన్ నాది," అన్నాను.

"నీకు వచ్చా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"తొయ్యడమేగా? సూపర్‌మార్కెట్లో ట్రాలీ తొయ్యడం లేదూ?"

మాకున్నది కరెంటు వైరుతో నడిచి గడ్డి కోసే చిన్న మోవరు. శనివారం దాన్ని బయటికి తీసి, ప్లగ్గు పెట్టి, మొదటి చుట్టు సగం కూడా పూర్తి కాకుండానే దాని వైరును దాని చేతనే కోయించాను. టప్పున శబ్దం వచ్చి ఇంట్లో కరెంటు పోయింది. పై కిటికీలోంచి మా అమ్మాయి తల బయటపెట్టింది. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది గాని, సమాధానం మాత్రం ఐరిష్ యాసలో ఇంగ్లీషులోనే వస్తుంది.

"మామ్! ఐ వాస్ ఇన్ ద మిడిల్ ఆఫ్ అ టెస్ట్!"

"నేను కూడా," అన్నాను తెగిన వైరు పట్టుకుని.

నిజానికి టెస్టుల విషయంలో నాకు అప్పటికే మంచి అనుభవం ఉంది. ఈ దేశంలో డ్రైవింగ్ పరీక్ష రెండుసార్లు తప్పాను. మొదటిసారి రౌండబౌట్‌లోకి ఎప్పుడు దూరాలో తెలియక, వెనక ఉన్న కార్లన్నీ హారన్లు కొట్టేదాకా ఆగిపోయినందుకు. రెండోసారి మరీ నెమ్మదిగా నడిపినందుకు. జాగ్రత్త ఎక్కువైతే కూడా మార్కులు పోతాయని నాకు ఆ రోజే తెలిసింది. మూడోసారికి పిలుపు వచ్చింది, సరిగ్గా అప్పుడే కరోనా వల్ల పరీక్షలన్నీ ఆపేశారు. కారు అద్దానికి ఎల్ బోర్డు అలాగే అతుక్కుని ఉండిపోయింది. కాబట్టి ఆ వసంతంలో నేను బండి ఆకలి మీద ఉన్న మనిషిని. ఈ సంగతి అర్థమైతే తరవాత నేను చేసిన పనులు కొంతవరకు క్షమించవచ్చు.

తెగిన మోవరు వైరు ఎలా అతకాలో ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే ఒక వీడియో కనబడింది. నా వయసే ఉన్న ఒకావిడ, నల్ల కళ్ళజోడు పెట్టుకుని, ఒక ఎర్ర బండి మీద కూర్చుని గడ్డి కోస్తోంది. ఆ బండికి స్టీరింగ్ లేదు. రెండు చేతులకూ రెండు పొడుగాటి లివర్లు. రెండూ ముందుకు తోస్తే ముందుకు, రెండూ వెనక్కి లాగితే వెనక్కి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి చేస్తే బండి ఉన్నచోటే బొంగరంలా తిరిగిపోతుంది. చెట్టు చుట్టూ, పూలపాదు చుట్టూ ఒక్క పోచ మిగలకుండా తిరిగింది ఆవిడ. దాన్ని జీరో టర్న్ అంటారట. నేను నోరు తెరుచుకుని చూశాను. దానికి లైసెన్సు అక్కర్లేదు. రౌండబౌట్ లేదు. పక్క సీట్లో కూర్చుని కాగితం మీద గీతలు పెట్టే పెద్దమనిషి లేడు.

అంతే, వైరు సంగతి మర్చిపోయాను.

ఆ తరవాత కొన్ని వారాలు నేను జీరో టర్న్ మీద చదివినంత కాలేజీలో చదివి ఉంటే ఎక్కడో ఉండేదాన్ని. ఆఫీసు మీటింగులు ఒక స్క్రీన్ మీద, మోవర్లు ఇంకో స్క్రీన్ మీద. ఆదివారం ఆరాధన జూమ్‌లో జరిగేది. ఒక ఆదివారం పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దాం అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారన్న ధైర్యంతో నేను కొత్త మోడలు వీడియో ఒకటి నొక్కాను. మైకు తెరిచి ఉంది. ఐర్లండులో ఉన్న సంఘమంతటి చెవుల్లో ఇంజను గర్జించింది.

"ఎవరింట్లోనో జెనరేటరు నడుస్తోంది. దయచేసి మ్యూట్ చేసుకోండి," అన్నారు పాస్టరుగారు, కళ్ళు తెరవకుండానే. నా పక్కన కూర్చున్న మా ఆయన కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర అడిగాడు. "ఇంతకీ ఆ బండి గడ్డి కొయ్యడానికా, నువ్వు తిరగడానికా?"

"రెండూ అవుతాయి కదండీ."

"మన లాన్‌కి సరిపోద్దా లేదా అది చూడు ముందు. చూడకుండా తెస్తే షెడ్డులో పెట్టుకుని పూజ చెయ్యాలి."

మాట న్యాయంగానే ఉంది. అది తెప్పించుకునే ముందు చూసుకోవాల్సినవి నేను చదివిన ప్రతిచోటా రాసే ఉన్నాయి. లాన్ పెద్దదై ఉండాలి, చదునుగా ఉండాలి, నేల మరీ చిత్తడిగా ఉండకూడదు, బండి గేట్లోంచి పట్టాలి, పెట్టుకోవడానికి చోటుండాలి. నేను వీటిలో పెద్దది అన్న మాట దగ్గర ఆగి, మాది పెద్దదే అని సంతోషపడి, మిగతావి తరవాత చూద్దాంలే అని దాటేశాను. పెళ్ళిచూపుల్లో పిల్లాడి ఉద్యోగం మాత్రం విని మిగతా కబుర్లు వినని వాళ్ళున్నారే, అలాగ.

కొలత కోసం బయటికి వెళ్ళాను. టేపు ఎక్కడుందో దొరకలేదు. చీర పొడుగు నాకు తెలుసు గనక, బీరువాలోంచి ఒక పాత నేతచీర తీసి గడ్డి మీద పరిచి, అది అయిపోయిన చోట రాయి పెట్టి, మళ్ళీ లాగి పరుస్తూ పోయాను. కంచె అవతలి నుంచి ఎవరో దగ్గారు. పక్కింటావిడ. డెబ్బై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటుంది. ప్రభుత్వం ఆ వయసు వాళ్ళను గడప దాటవద్దని చెప్పిన రోజులవి. మా ఇంటికీ ఆవిడ తోటకూ మధ్య నడుమెత్తు మొక్కల కంచె ఉంది. అంతకు ముందు నమస్కారాలు తప్ప మాకు పెద్దగా మాటలు లేవు.

"ఇవాళ మీకేమైనా పండగా?" అంది ఆవిడ ఎంతో మర్యాదగా, చీర వంక చూస్తూ.

"కాదండీ. లాన్ కొలుస్తున్నాను. మోవరు కొనాలని."

"చాలా అందమైన టేపు," అంది. తరవాత ఏ మోవరని అడిగింది. చెప్పాను. అది ఎలా తిరుగుతుందో చేతులు రెండూ ఊపి చూపించాను. ఆవిడ శ్రద్ధగా విని, నా వెనకున్న వాలు వైపు చూసింది. మా లాన్ ఇంటి దగ్గర బల్లలాగా చదునుగా ఉంటుంది గాని, అక్కణ్ణుంచి ఆవిడ కంచె దాకా జారుడుబల్లలాగా దిగిపోతుంది. ఆ పల్లంలో ఎండ తగలక ఎప్పుడూ తేమ. గడ్డి కంటే నాచే ఎక్కువ.

"ఆ వాలు మీద కూడానా?" అంది.

"గ్రాండ్‌గా పోతుందండీ," అన్నాను. ఈ దేశంలో గ్రాండ్ అంటే బాగానే ఉంటుందని; ఏదైనా తెలియనప్పుడు అనాల్సిన మాట అదేనని నేను వచ్చిన కొత్తలోనే నేర్చుకున్నాను.

"గ్రాండ్," అంది ఆవిడ కూడా. ఆవిడ అన్నదానికి 'చూద్దాంలే' అని అర్థం ఉందని నాకు తరవాత తెలిసింది.

దుకాణాలు మళ్ళీ తెరిచాక తోట యంత్రాలమ్మే ఒకాయనకు ఫోన్ చేశాను. ముందు నడిపి చూసుకోండి, నచ్చితేనే కొనండి అన్నాడు. ఒక శనివారం పొద్దున మాస్కు పెట్టుకుని, ట్రెయిలర్ మీద ఎర్ర బండిని ఎక్కించుకుని వచ్చాడు. పక్క గేట్లోంచి అది పట్టలేదు. ఆ విషయం తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. బండి వెడల్పు చూశాను, గేటు వెడల్పు చూశాను, రెండూ కలిపి మాత్రం ఎప్పుడూ చూడలేదు. చివరికి వెనక పొలం రైతును బతిమాలి, ఆయన పొలంలోంచి చుట్టూ తిప్పి లోపలికి తెచ్చారు.

వచ్చినాయన నేరుగా మా ఆయన దగ్గరికి వెళ్ళి, దూరంగా నిలబడే, లివర్ల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మా ఆయన చెయ్యెత్తి నన్ను చూపించాడు. "నాకు కాదు, డ్రైవరు ఆవిడ."

ఆ ఒక్క మాటకి నేను ఆయన్ని అప్పటిదాకా అన్నవన్నీ మనసులోనే వెనక్కి తీసుకున్నాను. నల్ల కళ్ళజోడు పెట్టుకున్నాను. అంతకు ముందు వారమే తెప్పించుకున్నానన్న సంగతి దాచి లాభం లేదు. సీటు మీద కూర్చున్నాను. ముందు బ్లేడు తిప్పకుండా ఊరికే నడపడం నేర్చుకోమన్నాడాయన. పై చదునులోనే తిరగమన్నాడు. వాలు వైపు మాత్రం వెళ్ళవద్దన్నాడు. మాస్కు లోంచి చెప్పాడు. ఇంజను మోగుతోంది. మొదటి రెండు మాటలే వినబడ్డాయని నేను ఆ తరవాత అందరికీ చెప్పుకున్నాను గాని, మూడోది కూడా కొంచెం వినబడింది.

మొదట తప్పతాగినవాడిలా అటూ ఇటూ ఊగాను. కుడిచెయ్యి ఎంత తోస్తే ఎడమచెయ్యి అంత తొయ్యాలి. నా చేతులు రెండూ అంతకు ముందు ఎప్పుడూ ఒక మాట మీద లేవు. కాసేపటికి కుదిరింది. బట్టలారేసే స్తంభం చుట్టూ తిరిగాను. మా అమ్మాయి ఎగిరే ట్రాంపొలిన్ చుట్టూ తిరిగాను. సెప్టిక్ ట్యాంకు మూత పక్కన ఉన్నచోటే బొంగరంలా గిర్రున తిరిగి ఆపాను. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. "గో ఆన్, మామ్!" నా జన్మలో ఏ బండి మీదా ఎవరూ నన్ను అలా మెచ్చుకోలేదు. ఖమ్మంలో ఉన్న మా చెల్లెలు ఇదంతా వీడియో కాల్‌లో చూస్తోంది. "అక్కా, ట్రాక్టరా అది?" అని అరిచింది.

ట్రాక్టరు అన్న మాట నాకు ఎక్కింది. వాలు వైపు తిప్పాను.

అమ్మేవాడు రెండు చేతులూ పైకెత్తి ఊపడం కనబడింది. అది ఆపమని చెప్పడం. నేను మెచ్చుకోలు అనుకున్నాను. ఆ మెచ్చుకోలుకి జవాబుగా, రథం మీద రాణిగారిలాగా కుడిచెయ్యి లివరు మీంచి తీసి నేను కూడా ఊపాను. ఆ బండికి కుడి లివరు వదిలితే కుడి చక్రం ఆగిపోతుంది. ఎడమ చక్రం నడుస్తూనే ఉంటుంది. అంటే బండి కుడికి తిరుగుతుంది. కుడివైపున పల్లం ఉంది.

గబుక్కున రెండు లివర్లూ వెనక్కి లాగాను. వెనక చక్రాలు ఆగాయి. బండి మాత్రం ఆగలేదు. నాచు మీద, పలక మీద సబ్బుబిళ్ళలాగా, ఏ తొందరా లేకుండా, ఎంతో గౌరవంగా కిందికి జారింది. ముందు చక్రాలు వాటి ఇష్టం వచ్చినట్టు తిరుగుతున్నాయి. నేను అరిచానట. ఏమని అరిచానో మా అమ్మాయి ఇప్పటికీ నటించి చూపిస్తుంది: "ఎక్స్‌క్యూజ్ మీ! ఎక్స్‌క్యూజ్ మీ!" ఎవరిని తప్పుకోమన్నానో తెలియదు. కంచె తప్పుకోలేదు. ఆ చోట అది సగం ఎండిపోయి పల్చబడి ఉండబట్టి, బండి ముందు భాగం దాన్ని చీల్చుకుని అవతలికి దూరి, పక్కింటావిడ పెంచుకునే రూబార్బ్ అనే పుల్లటి కాడల పాదులో ముక్కు పెట్టి ఆగింది. ఇంజను దానంతట అదే చచ్చిపోయింది.

ఎదురుగా కుర్చీలో, ఒళ్ళో ఊలు అల్లిక పెట్టుకుని పక్కింటావిడ కూర్చుని ఉంది. పొద్దున్నించీ అక్కడే కూర్చుని చూస్తోందని తరవాత చెప్పింది.

"రండి రండి," అంది. "మార్చి నుంచి నా తోటలోకి వచ్చిన మొదటి మనిషి మీరే."

ఎవరి ఇంటికీ ఎవరూ వెళ్ళకూడదని నిబంధన. సగం బండీ, నా మోకాళ్ళూ ఆవిడ వైపు ఉన్నాయి, మిగతా నేను మా వైపు ఉన్నాను. ఇది వెళ్ళడం కిందికి వస్తుందో రాదో నాకు తెలియలేదు. మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి, నర్సుగా నా చేతులూ మెడా అన్నీ తడిమి చూసి, ఏమీ కాలేదని నమ్మకం కుదిరాక, మొగుడిగా నవ్వడం మొదలుపెట్టాడు. కంచె పట్టుకుని నవ్వాడు. ఆయన అలా నవ్వగా చూసి చాలా రోజులైంది. అందుకని నాకు సగం కోపమే వచ్చింది.

బండి అమ్మడానికి వచ్చినాయన వాలు అంతా నడిచి, బూటుతో నాచు గీకి చూశాడు. "చదును చోట మీరు బానే నడిపారు," అన్నాడు జాలిగా. "కానీ ఈ నేల మీదకి ఇది వద్దులెండి. వెనక చక్రాలే దీనికి బ్రేకు, అవే స్టీరింగు. అవి జారితే ఇక దేవుడే." అమ్ముకోవడానికి వచ్చినవాడే వద్దన్నాడంటే నేను ఎంత బాగా జారానో తెలుస్తుంది. రైతు ట్రాక్టరుకు తాడు కట్టి బండిని బయటికి లాగాడు. ఆ రోజు అంత హంగామా చేసి నేను ఒక్క గడ్డిపోచ కూడా కొయ్యలేదు.

సాయంత్రం కంచె కన్నం దగ్గర నిలబడి, మొక్కలు కొత్తవి నాటిస్తానని, క్షమించమని పక్కింటావిడతో చెప్పాను.

"ఆ కంచె ఎండిపోయి రెండేళ్ళయింది. మీరు లేకపోతే నేనే తీయించాలి," అంది. "మీరు నిజంగా గడ్డి కొయ్యాలనే అనుకుంటున్నారా, లేక ఆ బండి ఎక్కాలనా?"

ఇంట్లో అడిగిన ప్రశ్నే మళ్ళీ వచ్చేసరికి ఈసారి నిజం చెప్పాను. "ఎక్కాలనేనండీ."

ఆవిడ షెడ్డు తలుపు తెరిచి చూపించింది. లోపల ఎక్కి కూర్చుని నడిపే పాత రైడింగ్ మోవరు ఉంది. స్టీరింగ్ ఉన్నది, ఆకుపచ్చ రంగు వెలిసిపోయి, సీటు చిరిగి, టేపు అతికించి. ఆవిడ కొడుకు గాల్వేలో ఉంటాడు. ప్రతి రెండు వారాలకూ వచ్చి కోసి వెళ్ళేవాడు. దూరాలు వెళ్ళకూడదన్న నిబంధనతో రావడం ఆగిపోయింది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. లాన్ పెరిగిపోతోంది.

"నాది కొయ్యండి, ముందు రోడ్డు మీంచి తీసుకెళ్ళి మీ చదును కూడా దీంతోనే కోసుకోండి, ఇది మీ గేట్లో పడుతుంది. ఆ వాలును మాత్రం వదిలెయ్యండి. పూలు లేస్తాయి, తేనెటీగలకైనా పనికొస్తుంది."

అలా ఆ వేసవంతా రెండిళ్ళ గడ్డీ నేనే కోశాను. ఆ బండి గబగబా నడిచే మనిషి కంటే నెమ్మదిగా పోతుంది. తిరగాలంటే సగం తోట కావాలి. చెట్ల చుట్టూ అరచెయ్యంత గడ్డి మిగిలిపోతే కత్తెరతో కత్తిరించేదాన్ని. ఒకసారి బెల్టు తెగింది. ఒకసారి పెట్రోలు అయిపోయిందని తెలియక, ఇంజను పాడైందని మా ఆయన్ని నిద్ర లేపాను. వాలు మీద పచ్చటి బటర్‌కప్ పూలు, మూడాకుల క్లోవర్ లేచాయి. అది మా పథకం అన్నట్టు వచ్చినవాళ్ళకు చూపించేదాన్ని.

నేను విరగ్గొట్టిన రూబార్బ్ కాడలను పక్కింటావిడ పారేయనివ్వకుండా నాకే ఇచ్చేసింది. పుల్లగా ఉన్నాయని కందిపప్పులో వేసి వండాను. గోంగూర కాదు గాని, గోంగూరకు దూరపు చుట్టం. ఒక గిన్నెలో పోసి కన్నం లోంచి ఆవిడకు అందించాను. మర్నాడు గిన్నె కడిగి తిరిగి ఇస్తూ, "ఇన్నేళ్ళూ దీంట్లో చక్కెర పోసి పాడుచేశాను," అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. కారం వల్ల అనుకుంటాను.

ఆ మరుసటి ఏడాది, నిబంధనలు సడలాక, వాటర్‌ఫోర్డ్ దగ్గర ఇల్లు కొనుక్కున్న ఒక తెలుగు అమ్మాయి ఫోన్ చేసింది. మా చర్చిలో ఎవరో నా పేరు చెప్పారట.

"అక్కా, మీకు మోవర్ల గురించి బాగా తెలుసంట కదా? జీరో టర్న్ తీసుకుందామా వద్దా అని మేం కొట్టుకుంటున్నాం."

మా ఆయన పక్కనే ఉన్నాడు. ఫోన్ వైపు చూసి, గబగబా వేరే గదిలోకి వెళ్ళిపోయాడు. నవ్వు వినబడకుండా తలుపు కూడా వేసుకున్నాడు.

నేను గొంతు సవరించుకుని అడిగాను. "వాలు ఉందా?"

"లేదక్కా, ఫుట్‌బాల్ గ్రౌండులా ఉంటది."

"ఎండ పడుతుందా? నాచు ఉందా? నడిస్తే కాలు దిగబడుతుందా?"

"నాచేం లేదు. గట్టిగానే ఉంటది."

"చెట్లు?"

"బోలెడు. వాటి చుట్టూ కొయ్యలేకే చచ్చిపోతన్నాం."

"గేటు వెడల్పు, బండి వెడల్పు రెండూ కలిపి చూశావా?"

"కలిపి అంటే?"

కలిపి అంటే ఏమిటో చాలాసేపు వివరించాను. అన్నీ సరిపోయాయి. కొనుక్కోమన్నాను. అన్నాక ఒక రకమైన బాధ కలిగింది. చుట్టాలమ్మాయికి మంచి సంబంధం కుదిర్చి, ఆ పిల్లాడిని ఒకప్పుడు మనమూ ఇష్టపడ్డామని గుర్తొస్తే కలిగే బాధ.

బండి వచ్చాక మమ్మల్ని భోజనానికి పిలిచారు. నిజంగానే చదునైన తోట. ఆపిల్ చెట్ల మధ్య ఎర్ర బండి మెరుస్తోంది. ఆ అమ్మాయి, "ఎలా నడపాలో కొంచెం చూపించండక్కా" అంది. మా ఆయన గబుక్కున, "ఆవిడకు రెండు చేతులూ లివర్ల మీదే ఉంచమని చెప్పండి" అన్నాడు. ఉంచాను. ఒక చెట్టు చుట్టూ తిరిగాను, రెండో చెట్టు చుట్టూ తిరిగాను, ఉన్నచోటే బొంగరం తిరిగాను. వెనక గడ్డి నున్నగా, దువ్విన తలలా పడుకుంది. టీ తెచ్చి బల్ల మీద పెట్టారు. దిగబుద్ధి కాలేదు.

మూడో వరసకు ఆ అమ్మాయి చెట్టు దగ్గరికి వచ్చి దారికి అడ్డంగా నిలబడింది. "అక్కా, మీరు దిగితే నేను ఎక్కుతా. ఈ బండి మాది," అంది.

దిగాను. టీ చల్లారిపోయింది.